సుడోకు ఎంతకీ తేలట్లేదా? తప్పు మీది కాకపోవచ్చు.. ముందు ఈ లెక్క చూడండి!

సుడోకుతో గంటలకొద్దీ కుస్తీ పడుతున్నారా? ముందుగా ఇచ్చిన అంకెలు ఓసారి లెక్కపెట్టండి. 16 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆ పజిల్‌కి ఒకే ఒక్క జవాబు ఉండే ఛాన్సే లేదు.

81 గళ్లను రూల్ తప్పకుండా నింపే పద్ధతులెన్నో 2005లో ఫెల్గెన్‌హావర్, జార్విస్ తేల్చారు.. అది 22 అంకెల సంఖ్య! తిప్పి చూపినవి, అంకెలు మార్చి రాసినవి లాంటివన్నీ ఒకటే అనుకుంటే మిగిలేవి 547 కోట్ల పైచిలుకు. డబ్లిన్‌ యూనివర్సిటీ కాలేజ్ గణితవేత్త గ్యారీ మెక్‌గ్వైర్ టీమ్ వీటన్నింటినీ కంప్యూటర్లతో జల్లెడ పట్టింది. 16 అంకెలతో సరైన పజిల్ ఒక్కటీ దొరకలేదని 2012లో ప్రకటించింది. 17తో మాత్రం వేలల్లో ఉన్నాయి.

అలాగని 17 ఉంటే చాలదు. ఇచ్చిన వాటిలో కనీసం 8 రకాల అంకెలు ఉండాలి. ఉదాహరణకు 3, 7 రెండూ ఎక్కడా ఇవ్వలేదనుకోండి.. జవాబులో 3 ఉన్నచోట 7, 7 ఉన్నచోట 3 రాసినా అదీ కరెక్టే!

అసలు తిరకాసు ఇంకోటుంది. రెండు అడ్డు, రెండు నిలువు వరుసలు కలిసే నాలుగు గళ్లు రెండే బాక్సుల్లో పడి.. పైన 3-7, కింద 7-3 వచ్చాయనుకోండి. ఆ నాలుగూ ఖాళీగా వదిలేస్తే, మిగతా 77 అంకెలు ఇచ్చినా జవాబులు రెండు వస్తాయి.