ఖగోళ భౌతిక శాస్త్రం: కృష్ణా, గుంటూరు సీమల్లో తొలి పాఠాలు

నక్షత్రం ఆకాశంలో ఎక్కడుందో, ఎప్పుడు ఉదయిస్తుందో లెక్కకట్టేది ఖగోళ శాస్త్రం. అది దేనితో తయారైంది, ఎంత వేడిగా ఉంది, ఎందుకు వెలుగుతోంది అని ఆరా తీసేది ఖగోళ భౌతిక శాస్త్రం. మొదటిది వేల ఏళ్ల నాటిది. రెండోదాని వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు. ఈ శాస్త్రం మొదలుపెట్టినవారికి తొలి రోజుల్లోనే రెండు విషయాలు చెబుతారు. ఒకటి వర్ణపట రేఖలు, రెండోది నక్షత్రాల ప్రకాశ పరిమాణం. మొదటిదాన్ని సూర్యుడి మీద ప్రయోగించి చరిత్రకెక్కినవాడు, రెండోదానికి కొలత ఏర్పరచినవాడు, ఇద్దరూ 1868 ఆగస్టు 18న తెలుగు నేల మీదే ఉన్నారు. ఒకరు గుంటూరులో, మరొకరు మచిలీపట్నంలో. మామిడికి పేరుపడ్డ నూజివీడు నుంచి ఆ రెండు ఊళ్లూ వంద కిలోమీటర్ల లోపే.

అంతకు ముందు ఈ ప్రాంతంలో నక్షత్ర జ్ఞానమంటే పంచాంగమే. తిథులు, గ్రహణాలు, కార్తెలు గణించడంలో పంచాంగకర్తలు ఆరితేరినవారు. రైతుకు కావలసింది కార్తె. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ కార్తె. నూజివీడు తోటల్లో కాయ కోతలు జోరుగా సాగే మే చివరి వారంలో రోహిణి కార్తె వస్తుంది. తమాషా ఏమిటంటే ఆ రోజుల్లో రోహిణి నక్షత్రం ఎవరికీ కనబడదు. సూర్యుడు ఆ దిక్కునే ఉండటం వల్ల పగటి వెలుగులో మునిగిపోతుంది. కనబడని నక్షత్రం స్థానాన్ని కూడా లెక్కతో పట్టుకోగల విద్య అది. కానీ రోహిణి ఎర్రగా ఎందుకుంటుందన్న ప్రశ్న దాని పరిధిలో లేదు. ఆ మాటకొస్తే అప్పట్లో యూరప్‌లోనూ దానికి జవాబు లేదు.

జవాబుకు దారి 1859లో జర్మనీలో దొరికింది. సూర్యకాంతిని పట్టకంతో విడదీస్తే రంగుల పట్టీ మీద సన్నటి నల్లగీతలు కనబడతాయని ఫ్రౌన్‌హోఫర్ అప్పటికే పటం గీసి ఉంచాడు. ప్రతి మూలకానికీ తనవే అయిన గీతలుంటాయని, ఆ నల్లగీతలు సూర్యుడి వాతావరణంలోని మూలకాలవేనని కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు. దీంతో తొమ్మిదిన్నర కోట్ల మైళ్లకు కాస్త తక్కువ దూరంలో ఉన్న సూర్యుణ్ణి గదిలో కూర్చుని పరీక్షించే వీలు కలిగింది. ఇక కావలసింది మంచి సంపూర్ణ గ్రహణం. గ్రహణ వేళ సూర్యబింబం అంచున ఎర్రటి జ్వాలలు లేస్తాయి. అవి వాయువులేనా కాదా అన్న వాదం అప్పటికింకా తెగలేదు.

1868 గ్రహణ ఛాయ దక్కను మీదుగా వచ్చి గుంటూరు, మచిలీపట్నం దాటి బంగాళాఖాతంలోకి వెళ్లింది. సంపూర్ణ గ్రహణం ఇక్కడ ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. అంత సేపు దొరకడం అరుదు. మబ్బుల కాలమైనా దూరదేశాల వాళ్లు పెట్టెలకొద్దీ పరికరాలతో దిగారు. ఫ్రాన్సు నుంచి పియర్ జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చి ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో మకాం పెట్టాడు. బ్రిటిష్ సైనికాధికారి టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే విడిసింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం ఎంచుకున్నాడు.

జ్వాలల కాంతిని వర్ణపటదర్శినిలో చూడగానే తగవు తీరిపోయింది. రంగుల పట్టీకి బదులు విడివిడి వెలుగు గీతలు కనబడ్డాయి. అంటే అవి వేడెక్కి వెలిగే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఇంతవరకు అందరూ చూశారు. జాన్సెన్ ప్రత్యేకత మర్నాడు బయటపడింది. ఆ గీతలు ఎంత తీక్షణంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనబడాలని అతనికి తట్టింది. అందులో చిన్న కిటుకు ఉంది. ఆకాశపు తెల్లని వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి పట్టకంలో అది పొడవునా పరుచుకుని పలచబడిపోతుంది. జ్వాల వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లోనే పోగై ఉంటుంది కనుక చెదరదు. ఆగస్టు 19 ఉదయం జాన్సెన్ దర్శిని చీలికను సూర్యబింబం అంచుకు చేర్చాడు. పట్టపగలు, గ్రహణం ఊసే లేకుండా, ఎర్రగీత కనబడింది. తర్వాత రెండు వారాలకు పైగా గుంటూరులోనే ఉండి రోజూ జ్వాలల రూపురేఖలు గీసుకున్నాడు. అంతవరకు ఎప్పుడో వచ్చే గ్రహణంలో కొద్ది నిమిషాలు మాత్రమే దొరికే దృశ్యం అప్పటి నుంచి రోజువారీ పని అయింది. అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఇదే పద్ధతిని సొంతంగా సాధించాడు. ఇద్దరి వార్తలూ పారిస్ అకాడెమీకి ఒకేసారి చేరడంతో, ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించింది.

హీలియం గుంటూరులో కనుగొన్నారన్న మాట మన పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో తరచూ వినబడుతుంది. ఆ మాటను కొంచెం సర్దుకోవాలి. జ్వాలల వర్ణపటంలో ఒక పసుపు గీత ఉన్నమాట నిజం. గ్రహణ వేళ చూసినవారిలో చాలామంది అది సోడియందే అనుకున్నారు. మచిలీపట్నంలో పోగ్సన్ మాత్రం అది సోడియం గీతతో సరిగ్గా కలవడం లేదని గమనించాడని, ఆ పరిశీలన మద్రాసు ప్రభుత్వ నివేదికలోనే ఉండిపోవడంతో మరుగున పడిందని బిమాన్ నాథ్ తన 2013 పుస్తకంలో వాదించాడు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ కొత్త గీత 587.6 దగ్గర ఉంది. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది చెందదని వాదించి హీలియం అని పేరుపెట్టింది లాకియర్. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును వెలికితీసేదాకా చాలామంది నమ్మలేదు. కాబట్టి గుంటూరుకు దక్కవలసిన ఘనత హీలియం కంటే ఆగస్టు 19 నాటి పద్ధతికే ఎక్కువ. అది హీలియం కథ కంటే చిన్నదేమీ కాదు.

పోగ్సన్ పేరు విద్యార్థికి మరోచోట తగులుతుంది. ప్రాచీనులు కంటికి కనబడే నక్షత్రాలను ఆరు తరగతులు చేశారు. ఒకటో తరగతివి బాగా ప్రకాశించేవి, ఆరోవి కనీకనబడనివి. ఐదు తరగతుల తేడా ఉంటే కాంతిలో సరిగ్గా నూరు రెట్ల తేడా ఉన్నట్టు లెక్క పెట్టుకుందామని 1856లో పోగ్సన్ ప్రతిపాదించాడు. అంటే ఒక్కో మెట్టుకు సుమారు 2.512 రెట్లు. నేటికీ ప్రకాశ పరిమాణానికి అదే కొలత.

దీన్ని నేర్చుకోవడానికి నూజివీడు తోటలో కావలి గుడిసె ముందు నులకమంచం చాలు. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన బాగా ఎత్తులో చిత్త, నడినెత్తికి కాస్త తూర్పుగా స్వాతి, ఆగ్నేయంలో కొమ్మల పైకి అప్పుడే లేస్తూ జ్యేష్ఠ ఉంటాయి. స్వాతి పరిమాణం సున్నాకు దగ్గర, చిత్తది ఒకటికి దగ్గర. కాబట్టి స్వాతి మనకు చిత్త కంటే రెండున్నర రెట్లు ఎక్కువ వెలుగుతుంది. ఇక రంగులు చూడాలి. చిత్త నీలి తెలుపు, స్వాతి నారింజ, జ్యేష్ఠ ఎరుపు. వాటి ఉపరితల ఉష్ణోగ్రతలు వరసగా ఇరవై వేల కెల్విన్లకు పైన, 4,300 దగ్గర, 3,600 దగ్గర. ఎరుపు చల్లన, నీలం వేడి. రోహిణి ఎరుపు సంగతీ ఇదే. మూడూ పంచాంగంలో రోజూ చదివే పేర్లే కనుక కొత్తగా బట్టీ పట్టాల్సిందేమీ లేదు.

1868 నాటి పరిశీలకులు అందరూ దొరలే కాదు. మద్రాసు వేధశాల సహాయకుడు, పంచాంగకర్తల వంశంలో పుట్టిన చింతామణి రఘునాథాచారి అదే గ్రహణానికి ఒక బృందంతో వనపర్తి వెళ్లాడు. 1874 శుక్ర సంక్రమణం (శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడం) గురించి ఇంగ్లీషుతో పాటు కొన్ని భారతీయ భాషల్లో చిన్న పుస్తకం వేసి, జనానికి కొత్త ఖగోళం చెప్పాలని పూనుకున్న తొలితరం వాళ్లలో ఆయన ఒకడు. విశాఖపట్నంలో జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత వేధశాల కట్టించాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టి, ఆరంగుళాల దూరదర్శిని తెప్పించి 1874 సంక్రమణాన్ని పరిశీలించాడు.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది, 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అంతర్జాతీయ నక్షత్ర పట నిర్మాణంలో తన వంతుగా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను ఫోటో పలకల మీంచి కొలిచింది. అది స్థానాల పని, అంటే పాత ఖగోళమే. అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డు వెళ్లి, 1949లో ఒక తోకచుక్క కనుగొన్నాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి కాల్షియం గీత వెడల్పును బట్టి నక్షత్రపు అసలు ప్రకాశం చెప్పవచ్చని చూపాడు. తమిళనాడులోని కావలూరు వేధశాలకు, అక్కడి 2.34 మీటర్ల దూరదర్శినికి ఇప్పుడు ఆయన పేరే.

జాన్సెన్ కాలానికీ బప్పు కాలానికీ మధ్యలో ఈ శాస్త్రానికి గణితపు వెన్నెముక ఏర్పడింది. 1920లో మేఘనాథ్ సాహా ఇచ్చిన సమీకరణం వల్ల గీత బలంగా ఉన్నంత మాత్రాన ఆ మూలకం ఎక్కువున్నట్టు కాదని, ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకోవాలని తెలిసింది. 1925లో సిసిలియా పేన్ దాన్ని వాడి నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజన్, హీలియమేనని తేల్చింది. గుంటూరు, మచిలీపట్నాల్లో చూసిన గీతల్లో ముఖ్యమైనవి కూడా ఆ రెండింటివే.

ఉస్మానియాలో ఖగోళ శాస్త్ర విభాగం 1959లో ఏర్పడింది. కె. డి. అభ్యంకర్ హయాంలో 1968లో జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర 48 అంగుళాల దూరదర్శిని పనిలోకి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణ ఛాయ ఆ వేధశాల మీదుగానే వెళ్లింది. నక్షత్రాలు, గెలాక్సీల మీద అభ్యంకర్ రాసిన పాఠ్యగ్రంథం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో వీరేశలింగం, విజ్ఞాన చంద్రికా మండలి కాలం నుంచీ విజ్ఞాన పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. కథ చెప్పినట్టు రాసే నేర్పులో మాత్రం మహీధర నళినీమోహన్‌కు సాటి తక్కువ. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక గ్రహణాల వేళ భయాలు పోగొట్టే పని భుజానికెత్తుకుంది.

నూజివీడులో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణం వెలిసింది. అందరూ ట్రిపుల్ ఐటీ అంటారు. పదో తరగతి మార్కులతో, ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ ఆరేళ్లు చదువుతారు. అది ఇంజనీరింగు చదువే. అయినా మొదటి రెండేళ్ల భౌతిక శాస్త్రంలో చెప్పే గురుత్వాకర్షణ, వికిరణం, పరమాణు వర్ణపటం చాలు, ఖగోళ భౌతికంలోకి తలుపు తీయడానికి. హైడ్రోజన్ బామర్ శ్రేణిలో మొదటి గీతకు లెక్క కడితే 656 నానోమీటర్లు వస్తుంది. జాన్సెన్ పట్టపగలు చూసిన ఎర్రగీత అదే.

డిగ్రీ కాలేజీ ప్రయోగశాలలో సోడియం దీపం వేస్తే మొదట నియాన్ వల్ల ఎర్రగా వెలిగి, కాసేపటికి పసుపుకు మారుతుంది. అంగుళానికి పదిహేను వేల గీతలున్న గ్రేటింగ్‌తో చూస్తే మొదటి వర్ణపటం ఇరవై డిగ్రీల దగ్గర కనబడుతుంది. దీపం తీసి హీలియం నాళం పెడితే పసుపు గీత వెర్నియర్ మీద మూడు నాలుగు నిమిషాల కోణం పక్కకు జరుగుతుంది. 1868లో సోడియమా కాదా అన్న సందేహమంతా ఆ మూడు నాలుగు నిమిషాల్లోనే ఉంది. స్పెక్ట్రోమీటరును ముందుగా సరిచేసుకోకపోతే అంత తేడా చేతి తప్పులోనే కలిసిపోతుంది.