కాగజ్‌నగరము: పుట్టుపూర్వోత్తరములు

రాజాజ్ఞచే వెలసిన పట్టణములు మన దేశమున అనేకములు గలవు. కర్మాగారమొకటి ముందు పుట్టి, దాని చుట్టును ఊరు పెరిగి, ఆ ఊరిని వెదకికొనుచు కచేరీలు వెనుక వచ్చిన తావులు మాత్రము కొన్నియే. ప్రాణహితకు ఉపనదియగు పెద్దవాగు చెంతనున్న కాగజ్‌నగరము అట్టి వానిలో నొకటి.  సికిందరాబాదున రైలెక్కి కాజీపేట మీదుగా ఉత్తరమునకు పోయినచో వచ్చు ఈ ఊరు, తాను కదలకుండనే తనపై అధికారము పలుమార్లు మాఱుటను చూచినది.

పూర్వమది సిర్పూరు తాలూకాలోని కొత్తపేట యను పల్లె. కాజీపేట-బల్హార్షా రైలుమార్గము 1929లో పూర్తియగుటతో, అడవిలోని వెదురు, వాగునీరు, బెల్లంపల్లి బొగ్గు ఒక్కచోటికి చేరుటకు వీలు కలిగెను. ఏడవ నిజాము కాలమున, 1938లో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపింపబడి, 1942లో ఉత్పత్తి నారంభించెను. ఆ నడుమనే, 1940లో, అడవిపై గోండుల హక్కులకై పోరాడుచు జోడేఘాటున కొమరం భీము నేలకొరిగెను. అడవి సంపదపై మిల్లు లేచుచున్న దినములలో ఆ అడవిబిడ్డల మొఱ వినువారు కఱవైరి.

మిల్లులో వెదురును చిన్న ముక్కలుగా కొట్టి, రసాయనములతో ఆవిరి పీడనమున ఉడికించి, గుజ్జుగా చేసి, కడిగి, తెల్లబఱచి, పలుచని నీటిధారగా కదలెడు జల్లెడపై పఱచెదరు. నీరు దిగిపోగా మిగిలిన పొర, వేడిరోలర్ల నడుమ ఆఱి, కాగితమగును. అడుగడుగునను నీరు కావలసిన ఈ పనికి పెద్దవాగే ప్రాణాధారము. పనివారి వాడలు, బజారులు పెరిగి పల్లె పట్టణమయ్యెను. కొత్తపేట పేరు మఱుగై, మిల్లు తయారుచేయు కాగితమే ఊరిపేరయ్యెను.

1948లో నిజాము పాలన ముగిసినది. 1956లో హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి, ఆదిలాబాదు జిల్లాతో ఈ ఊరు ఆంధ్రప్రదేశమున చేరినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చుటతో కాగజ్‌నగరము తానే మండలకేంద్రమైనది. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడినది. 2016లో కొమరం భీము పేర నూతన జిల్లా వెలసి, అందు కాగజ్‌నగరము రెవెన్యూ డివిజనయ్యెను.

అధికారము ఇంత చేరువయైన ఆ వేళ మిల్లు మూతబడియుండెను. 2014లో ఆగిన యంత్రములు, యాజమాన్యము జె.కె. పేపరు సంస్థకు మాఱి, 2018లో గాని తిరిగి కదలలేదు. డివిజను కచేరీ ఊరికి గౌరవము తెచ్చినది గాని, జీతము నిలిచిన ఇంట పొయ్యి వెలిగింపజాలకపోయెను. కావున ఈ పట్టణచరిత్రను వ్రాయబూనువారు ప్రభుత్వ గెజెట్లతో తృప్తినొందక, మిల్లు హాజరుపట్టీలను, అడవిలో వెదురు నఱికిన కూలీల జ్ఞాపకములను గూడ సేకరించి భద్రపఱుపవలెను. ఈ ఊరి అసలు దస్తావేజులు అవియే.