ఏటిగట్టున ఒక గీత

తిరువూరులో వాన పట్టిందంటే పెద్దలడిగే ప్రశ్న ఒక్కటే: "కట్టలేరు పొంగిందా?" ఎంత పొంగిందని అడిగినవారిని నేనెరుగను.

భద్రాచలంలో అలా కాదు మిత్రులారా. అక్కడ బడిపిల్లలు సైతం గోదావరిని అడుగుల్లో చెబుతారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71 దాటినపుడు జనం ఆ పాత అంకెతోనే పోల్చుకొన్నారు.

బుడమేటికి అటువంటి జ్ఞాపకం మిగలలేదు. మైలవరం వైపు కొండవాగులను కలుపుకొని కొల్లేటికి పోయే ఆ ఏరు 2005లోనూ విజయవాడను ముంచింది. అయినా దాని దారిలో ఇళ్లు లేస్తూనే వచ్చాయి. 2024 సెప్టెంబరు 1న మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ నీట మునిగింది. ఆ రెండు రోజుల్లోనే ప్రకాశం బరాజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదే అంత ఎత్తున ఉంటే కాలువ నీరు అందులో కలిసేదెలా? (చరిత్ర పుస్తకాల్లో రాజులకు తేదీలున్నాయి, వాగులకు లేవు.)

ఆ దసరా తరువాత మా వీధిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలను కట్టలేటి గట్టుకు తీసుకువెళ్లాను, వరద తీసిన తరువాతనే సుమా. వంతెన స్తంభం మీద ఎండిన బురదచారను టేపుతో కొలిచి, తేదీ వేసి, నోటుపుస్తకంలో రాసుకొన్నారు. గేదెలు తోలుకొస్తున్న ఒక అవ్వ ఇంకా మూరెడు పైన మరో గుర్తు చూపింది. అది ఏ ఏటి వరదో ఆమెకు జ్ఞాపకం లేదు. పిల్లలు అక్కడా గీత గీశారు. సంవత్సరం వేయవలసిన చోటు ఖాళీగా ఉంచారు.