మహిళల వన్డే ప్రపంచ కప్ విజేతలు

పురుషుల ప్రపంచ కప్ కంటే రెండేళ్ల ముందు, 1973లోనే మహిళల వన్డే ప్రపంచ కప్ మొదలైంది. తొలి విజేత ఇంగ్లాండ్. 1978 పోటీలు భారత్‌లో జరిగాయి. ఫైనల్ అంటూ లేని ఆ లీగ్‌లో టైటిల్ తేలింది హైదరాబాద్‌లో: జనవరి 13న ఇంగ్లాండ్‌ను 96 పరుగులకు కట్టడి చేసిన ఆస్ట్రేలియా 8 వికెట్లతో గెలిచింది.

విజయవాడ వంతు 1997లో వచ్చింది. వన్ టౌన్ వైపు నుంచి కాలువలు దాటి బందరు రోడ్డు పట్టుకుంటే వచ్చే ఇందిరా గాంధీ స్టేడియంలో, డిసెంబరు 12న పాకిస్తాన్ మీద ఇంగ్లాండ్ 2 వికెట్లకే 376 పరుగులు కొట్టింది. పాకిస్తాన్ 3 వికెట్లకు 146 దగ్గర ఆగింది. తేడా 230 పరుగులు. ఊళ్లో క్రికెట్ మాటొస్తే 2002 నాటి భారత్–వెస్టిండీస్ వన్డే, అందులో మార్లన్ శామ్యూల్స్ సెంచరీ ముందు గుర్తొస్తాయి గానీ, ప్రపంచ కప్ మ్యాచ్ మాత్రం ఇదే. దీనికి అంతకు మించిన చోటు దక్కాలి. ఆ ఏడాది కప్పు ఆస్ట్రేలియాది.

ఆస్ట్రేలియా మొత్తం 7 సార్లు (1978, 1982, 1988, 1997, 2005, 2013, 2022), ఇంగ్లాండ్ 4 సార్లు (1973, 1993, 2009, 2017), న్యూజిలాండ్ 2000లో నెగ్గాయి. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ నాయకత్వంలో భారత్ 2005, 2017 ఫైనళ్లలో ఓడింది. రెండోసారి తేడా 9 పరుగులే. 2025లో విశాఖలో ఆడిన రెండు లీగ్ మ్యాచ్‌లూ చేజార్చుకున్నా, నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి భారత్ తొలిసారి కప్పు అందుకుంది. ఆ జట్టులో కడప జిల్లా ఎడమచేతి స్పిన్నర్ శ్రీ చరణి ఉంది.