డిప్పర్ పుట్టుపూర్వోత్తరాలు

ఎదుటి నుంచి బండి వచ్చినప్పుడు హెడ్‌లైటు వెలుగును నేలవైపు దించే ఏర్పాటును డిప్పర్ అంటారు. పలాస, టెక్కలి మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై లారీల వెనుక, రాత్రివేళ దాన్ని వాడమని కోరే రాత నేటికీ కనిపిస్తుంది. డిప్పర్ మోటారు బండితో పాటే పుట్టినది కాదు. తొలినాటి కార్లకు నూనె దీపాలు, ఆ తర్వాత కార్బైడుపై నీటిచుక్కలు పడి పుట్టే ఎసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలు ఉండేవి. 1912లో కాడిలాక్ కంపెనీ స్టార్టరుతో పాటు విద్యుద్దీపాలనూ అమర్చాక రాత్రి ప్రయాణం సులువైంది గాని, వెలుగు హెచ్చినకొద్దీ ఎదుటివారి కళ్లు బైర్లు కమ్మడమూ హెచ్చింది. 1925 ప్రాంతంలో జర్మనీకి చెందిన ఓస్రామ్ సంస్థ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లను, అంటే వెలిగే తీగచుట్లను, ఇమిడ్చింది. వాటిలో ఒకదాని కింద చిన్న లోహపు దొప్ప ఉండటం వల్ల దాని వెలుగు దీపం లోపల వెనుకనున్న గిన్నెలాంటి అద్దం పైభాగానికి మాత్రమే తగిలి, అక్కడి నుంచి కిందికి వంగి రోడ్డుపై పడుతుంది. ఎంతో సరళమైన ఈ ఊహే డిప్పర్‌కు ప్రాణం.

ఆ తర్వాత హెడ్‌లైట్లలోకి 1962లో హాలోజన్, 1991లో జెనాన్, ఆపై ఎల్‌ఈడీ వచ్చాయి. హాలోజన్‌కు రూపొందించిన అద్దపు గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు బిగిస్తే, వెలుగు పుట్టే చోటు మారి కిరణాలు కట్టుతప్పుతాయి. నేటి మిరుమిట్ల బాధకు ఒక మూలం ఇదే.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 106వ నియమం ప్రకారం, దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కన, నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటిని దించిన వెలుగు మిరుమిట్లు గొలపరాదు. స్పాట్‌లైట్లు, సెర్చిలైట్లు ముందువైపు బిగించడానికి రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి కావాలని, అదీ అసాధారణ పరిస్థితుల్లోనేనని 111వ నియమం చెబుతుంది. ఫాగ్‌లైటు సంగతి వేరు: మంచులో హై బీమ్, అంటే దించని వెలుగు, వేస్తే నీటి తుంపరలకు తగిలి తిరిగి డ్రైవరు కళ్లనే కొడుతుంది కనుక, తక్కువ ఎత్తున, వెడల్పుగా పరుచుకునే ఆ దీపం మంచు ఉన్నంతసేపే అవసరం.

106వ నియమం చెప్పే ఒకటిన్నర మీటరు అనేది ఇంచుమించు నడిచే మనిషి కంటి ఎత్తు. నాలుగు వరుసల రహదారిలో మధ్యనున్న డివైడరు, దానిపై పెంచిన మొక్కలు ఎదుటి వెలుగుకు కొంత అడ్డు పడతాయి. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య సాగే ఇరుకు దారుల్లో ఆ అడ్డు లేనందున, అంచున నడిచేవారికీ సైకిలుపై వెళ్లేవారికీ డ్రైవరు సకాలంలో దించే డిప్పరొక్కటే రక్ష.