మెగ్నీషియం–అల్యూమినియం మిశ్రమ ఆక్సైడ్

జీవద్రవ్యం నుంచి వచ్చే చిన్న అణువులను ఇంధన పరిమాణానికి పెంచే ఘన ఉత్ప్రేరకం. హైడ్రోటాల్‌సైట్ అనే పొరల ఖనిజాన్ని సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే నీరు, కార్బన్ డయాక్సైడ్ పోయి ఇది మిగులుతుంది. దీని ఉపరితలంపై క్షార, ఆమ్ల స్థానాలు పక్కపక్కనే ఉంటాయి. అసలు బలం అదే.

మొక్కజొన్న కండెల నుంచి తీసే ఫర్ఫ్యూరాల్‌లో 5 కార్బన్లే ఉంటాయి. క్షార స్థానం అసిటోన్ నుంచి ఒక ప్రోటాన్‌ను లాగేస్తే, ఆ అసిటోన్ ఫర్ఫ్యూరాల్‌తో కలిసి 8 కార్బన్ల అణువవుతుంది. మరో ఫర్ఫ్యూరాల్ చేరితే 13. ఆపై హైడ్రోజన్‌తో ఆక్సిజన్‌ను తొలగిస్తే డీజిల్ శ్రేణి ఆల్కేన్లు వస్తాయి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ డ్యూమెసిక్ బృందం 2005లో ఈ దారి చూపింది.

వేడినీటిలో ఈ ఆక్సైడ్ మళ్లీ పొరల రూపానికి మారి, వాడేకొద్దీ చురుకు కోల్పోతుంది. ఇది చిన్న లోపం కాదు, జీవద్రవ్య రసాయనాల్లో నీరు తప్పదు కనుక. మెగ్నీషియం–జిర్కోనియం ఆక్సైడ్ ఇంతకంటే బాగా నీటిని తట్టుకుంటుంది.