ఒడ్డాది మత్స్య వంశం

ఒడ్డాది మత్స్యులు మధ్యయుగంలో విశాఖ మన్యపు అంచున పాలించిన సామంత రాజవంశం. వీరి రాజధాని ఒడ్డాది నేటి అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట మండలంలోని వడ్డాది గ్రామం. దక్షిణాన చోడవరం మైదానం, ఉత్తరాన మాడుగుల కొండలు. ధాన్యం పండే నేలకూ అడవి సరుకు దిగే కనుమలకూ నడుమ కుదురుకోవడమే ఈ వంశపు బలం.

పుట్టుక కథ

వంశ చరిత్రకు ప్రధాన ఆధారం శక సంవత్సరం 1191 నాటి, అంటే క్రీ.శ. 1269 నాటి, దిబ్బిడి తామ్రశాసనం. నారంగ మహర్షి మత్స్య నదీతీరంలో తపస్సు చేస్తుండగా ఇంద్రుడు మంజుఘోష అనే అప్సరసను పంపాడనీ, ముని శాపంతో ఆమె చేపగా మారిందనీ, ఆమెకు పుట్టినవాడే సత్యమార్తాండుడనీ ఇందులో ఉంది. ఉత్కళ రాజు జయత్సేనుడు తన కుమార్తె ప్రభావతిని అతనికిచ్చి పెళ్లి చేసి ఒడ్డాది సీమను అప్పగించాడని శాసనం చెబుతుంది. పురాణపు రంగు ఎంత ఉన్నా ఈ కథలో రాజకీయం స్పష్టంగా కనిపిస్తుంది. కొండల నది నుంచి పుట్టుకనూ, ఉత్కళ రాజు నుంచి అధికారాన్నీ ఈ వంశం ఒకేసారి చెప్పుకుంది.

అర్జునుడి దానం

దిబ్బిడి శాసనం వేయించినవాడు మత్స్య వంశపు అర్జునుడు. బ్రాహ్మణులకు గ్రామాన్ని అగ్రహారంగా ఇస్తూ, తన పూర్వీకుల వరుసను సత్యమార్తాండుడి నుంచి రేకుల మీద చెక్కించాడు. అప్పటికి కళింగాన్ని తూర్పు గంగ రాజులు ఏలుతున్నారు. సింహాచలం ఆలయ పునర్నిర్మాణం ఆ రోజుల్లోనే జరిగింది. ఈ శాసనాన్ని చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ ఐదో సంపుటంలో ప్రకటించినవారు, తరవాత వ్యావహారిక భాషోద్యమానికి సారథ్యం వహించిన గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన చేసిన ఆ శ్రమే ఈ వంశాన్ని చరిత్రకు అందించింది.

కావ్యాల్లో ఒడ్డాది

రాజమహేంద్రవరం రెడ్డి రాజుల కాలంలో శ్రీనాథుడు రాసిన ‘భీమేశ్వర పురాణం’లో ఒడ్డాది మత్స్యవంశపు అర్జునుడి ప్రస్తావన ఉంది. శాసనం వేయించిన అర్జునుడికి ఒకటిన్నర శతాబ్దం తరవాతి మాట ఇది. అంటే వంశమూ నిలిచింది, తాతల పేరూ నిలిచింది. ఆ తరవాత శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల మీద దండెత్తి ఈ సీమ మీదుగా పొట్నూరు వరకూ సాగాడు. 1516 నాటి ఆయన శాసనం సింహాచలంలో ఉంది. ఆ జైత్రయాత్రలో దెబ్బతిన్న చోట్లలో ఒడ్డాదిని అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లో పేర్కొన్నాడు. సంధి కుదిరాక కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న నేల తిరిగి గజపతి చేతికి వెళ్లింది.

మాడుగుల, మత్స్యగుండం

తరవాతి కాలంలో మాడుగుల జమీందార్లు తాము మత్స్యదేశపు ఏలికల సంతతివారమని చెప్పుకున్నారు. చేప ఆకారంలో మలచిన రాతి గద్దె మీద వారికి పట్టాభిషేకం జరిగేది. జెండా మీద చేప గుర్తు, సంతకం బదులు చేప బొమ్మ, పరివారంలో కొందరి చెవులకు చేప పోగులు ఉండేవి. వారు చేపలను పూజ్యంగా చూసేవారు.

పాడేరుకు ఉత్తరాన, హుకుంపేట మండలం మఠం గ్రామం దగ్గర ఏరు ఒకచోట బండల కిందికి దూరి, కొంత దూరాన మళ్లీ పైకి వస్తుంది. అక్కడి మడుగే మత్స్యగుండం. అందులోని చేపలను ఎవరూ పట్టరు. శివరాత్రికి జాతర జరుగుతుంది. 20వ శతాబ్దపు తొలినాళ్లలో రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు ప్రకారం, ఇక్కడి పూజారి భగత తెగవాడు, చేపలకు మేత వేయడం పూజలో భాగం. మత్స్య వంశపు చరిత్ర రాయడానికి రాగిరేకులు, కావ్యాలు ఎంత అవసరమో, గిరిజనులు కాపాడుకొస్తున్న ఈ ఆచారమూ అంతే అవసరం.